కన్నడ చదివే పిల్లలకు ఇంట్లో తెలుగు: శ్రోతల ప్రశ్నలు, టీచరుగారి జవాబులు

వ్యాఖ్యాత: నమస్కారం. బెంగళూరులో పెరుగుతున్న తెలుగు పిల్లల గురించి ఇవాళ్టి ఫోన్-ఇన్. తెలుగు, కన్నడ రెండూ బోధించే టీచరుగారు మనతో ఉన్నారు. మొదటి కాల్ వైట్‌ఫీల్డ్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండి. మాది గుంటూరు. బాబు మూడో క్లాసు. స్కూల్లో కన్నడ చక్కగా చదువుతాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. ఇప్పుడు మొదలుపెడితే రెండూ కలగాపులగం అయిపోతాయని మావారి భయం.

టీచర్: కన్నడ అక్షరాలు గట్టిగా వచ్చాయంటే సగం పని అయిపోయినట్టేనమ్మా. రెండు లిపులూ ఒకే పాత లిపిలోంచి విడిపోయినవి. అందుకని అ, ఆ దగ్గర మొదలుపెట్టకండి, వాడికి విసుగొస్తుంది. గ, జ, ద, న, బ, ర, ల... ఈ ఏడూ చూడగానే పోల్చుకుంటాడు. గ, ద, న, ర మీద కన్నడలో అడ్డగీతలా ఉండేది మనకు టిక్కు పెట్టినట్టు ఉంటుంది, అంతే. జ, బ, లకి ఆ తలకట్టు కూడా లేదు. సున్నా రెండింట్లోనూ ఒకటే. మొదటిరోజే నగ, గద, జలం, బలం, నగరం చదివించండి. తెలుగు చదివేశానన్న ధీమా వస్తుంది. క, త, శ మాత్రం ఆకారం మారిపోతాయి. వాటిని రెండో వారానికి ఉంచి, రోజుకొకటి చొప్పున చెప్పండి.

కాలర్: గుణింతం కూడా ఇంతే తేలికా అండీ?

టీచర్: కాదమ్మా, అసలు చిక్కంతా అక్కడే. కన్నడలో కి-ని కీ చెయ్యాలన్నా, కె-ని కే చెయ్యాలన్నా, కో రాయాలన్నా అక్షరం పక్కన విడిగా దీర్ఘం గుర్తు పెడతారు. మనకి ఆ గుర్తు లేదు. గుడి దీర్ఘం, ఏత్వం అన్నీ అక్షరం నెత్తిమీదే తేల్చేస్తాం. బాబు అలవాటుగా పక్కకి చూస్తాడు, అక్కడేమీ ఉండదు, దాంతో ‘మీరు’ని ‘మిరు’ అని చదివేస్తాడు. అది అజాగ్రత్త కాదు, తిట్టకండి. మెడ-మేడ, కొన-కోన, విడు-వీడు... ఇలా జంటలు రాసి ఒక వారం పాటు రోజూ పది నిమిషాలు చదివించండి. చెవికి తేడా తెలుసు కాబట్టి కన్ను త్వరగానే పట్టుకుంటుంది.

ఇంకొకటి, సూర్యుడు, కర్మ లాంటి మాటలు. కన్నడలో ఆ రకారం అర్కావొత్తు అనే గుర్తుగా మారి తర్వాతి అక్షరం పక్కకి వెళ్తుంది. మనం ర రాసి దాని కింద వత్తు ఇస్తాం. అక్కడ తప్పకుండా ఆగుతాడు. మన పాత అచ్చు పుస్తకాల్లో కూడా వలపలగిలక అని సరిగ్గా ఆ కన్నడ పద్ధతే ఉండేది. తాతగారి పెట్టెలో అలాంటి పుస్తకం దొరికితే చూపించండి, పిల్లలకి భలే ఆశ్చర్యం.

నెలరోజులు చదవడమే, రాత వద్దు. కన్నడ హోంవర్క్ అయిన వెంటనే కూర్చోబెట్టకండి, చెయ్యి ఇంకా ఆ లిపిలోనే ఉంటుంది. ఆడుకుని వచ్చాక పావుగంట చాలు.

కాలర్: మాటల్లో కూడా కన్నడ కలిపేస్తాడండీ. అన్నం ‘బేడ’ అంటాడు.

టీచర్: ఆపి దిద్దకండి. ‘వద్దా? అయితే మజ్జిగ పోసుకుంటావా?’ అనండి. సరైన మాట వాడి చెవిలో పడింది, సంభాషణా ఆగలేదు. బేడ అనకూడదని కన్నడ మీద కోప్పడితే పోయేది కన్నడ కాదు, రెండూ వదిలేసి ఇంగ్లీషులోకి వెళ్లిపోతాడు.

వ్యాఖ్యాత: జయనగర్ నుంచి ఒక కాలేజీ అబ్బాయి లైన్లో ఉన్నాడు.

కాలర్: నమస్తే మేడమ్. మేము అనంతపురం వెళ్తే మా పెద్దనాన్న పిల్లలు నా తెలుగుకి నవ్వుతారు. ఇక్కడ ఫ్రెండ్స్ నన్ను తెలుగువాడంటారు, అక్కడేమో కన్నడవాడు వచ్చాడంటారు.

టీచర్: ఎక్కడ నవ్వుతున్నారో గమనించావా బాబూ?

కాలర్: ‘మనం కొత్తిల్లు కొన్నాం’ అన్నాను. ‘మాకూ వాటా ఉందా’ అని ఒకటే నవ్వు.

టీచర్: అది నీలాంటి వాళ్లందరూ తడబడే చోటే. కన్నడలో ‘నావు’ ఒక్కటే. తెలుగులో ఎదుటివాళ్లని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. చెన్నైలో పెరిగిన మన పిల్లలకి ఈ ఇబ్బంది రాదు, తమిళంలో ఆ తేడా ఉంది. నోరు తెరిచేముందు ‘వింటున్నవాళ్లు ఇందులో ఉన్నారా’ అని ఒక్కసారి అనుకో. కొన్నాళ్లకి అదే అలవాటవుతుంది. క్రియలు కూడా చూసుకో. కన్నడలో బందను, బందళు, బందితు అని మూడు. మనకి ఏకవచనంలో రెండే: అన్న వచ్చాడు, అక్క వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు మగవాళ్లతో చేరిపోతారు, అక్కలు వచ్చారు, బస్సులు వచ్చాయి.

మీ నాన్నగారికి నా మాటగా చెప్పు: పదిమందిలో ‘ఏదీ, తెలుగులో మాట్లాడు’ అని నిన్ను నిలబెట్టొద్దు. దానికి బదులు వారానికోసారి నాన్నమ్మకి నువ్వే ఫోన్ చెయ్యి, కానీ ఒక ప్రశ్న పట్టుకుని చెయ్యి. ‘బాగున్నావా’తో మొదలైన కాల్ అర నిమిషంలో అయిపోతుంది. ‘ఓళిగల్లోకి పూర్ణం జారిపోతే ఏం చెయ్యాలి’ అని అడుగు, ఆవిడ వదలరు. నీ అంతట నువ్వే మాట్లాడాల్సి వస్తుంది.

నువ్వు సగం సగం మనిషివి కావు నాయనా. అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు, కన్నడలోనూ రాశారు. రెండు చోట్లా ఆయన్ని తమవాడనే అనుకుంటారు.

వ్యాఖ్యాత: చివరి కాల్. బాగేపల్లి నుంచి వచ్చి ఆర్.టి. నగర్‌లో ఉంటున్న పెద్దాయన.

కాలర్: అమ్మా, మా కోడలిది రాజమండ్రి. మేము మాట్లాడేది అసలు తెలుగే కాదంటుంది, మనవరాలితో మాట్లాడాలంటే నోరు రావడం లేదు.

టీచర్: మీరు మాట్లాడండయ్యా, దయచేసి మానకండి. కర్ణాటకలోనే కోలారు, ముళబాగిలు, పావగడ, బాగేపల్లి వైపు తెలుగు తరతరాలుగా ఉంది. ఎక్కడినుంచో వలస వచ్చింది కాదు. పాపకి అమ్మ యాస అమ్మది, తాత యాస తాతది, పిల్లలు రెండూ సులువుగా పట్టుకుంటారు. చదివే లిపి ఎలాగూ ఒకటే. మీ కోడలికి కూడా నా విన్నపం ఇదే: పాప ముందు మామగారి మాటని దిద్దకమ్మా.

కాలర్: పాప ఎనిమిదికి వస్తోంది. స్కూల్లో తెలుగు ఫస్ట్ లాంగ్వేజి తీసుకోవచ్చా?

టీచర్: స్టేట్ సిలబస్ ఎస్సెస్సెల్సీలో, అంటే ఇక్కడి పదో తరగతి పరీక్షలో, ప్రథమ భాషల జాబితాలో తెలుగుంది. జాబితాలో ఉన్నంత మాత్రాన మీ స్కూల్లో ఉన్నట్టు కాదు. అడ్మిషన్‌కి ముందే వెళ్లి మూడు సంగతులు అడగండి: తెలుగు టీచరు పర్మనెంటా, ఎనిమిది నుంచి పది దాకా ఆ పీరియడ్ టైమ్‌టేబుల్లో ఉందా, పోయినేడాది ఎంతమంది ఆ పరీక్ష రాశారు. టీచరు మధ్యలో మానేస్తే పిల్ల తొమ్మిదిలో భాష మార్చుకోవాలి, అది చాలా కష్టం. కన్నడ మాత్రం వదిలించకండి. 2015 నాటి కన్నడ భాషా చట్టం ప్రకారం అది ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో ఉండాల్సిందే. తెలుగు ప్రథమ, కన్నడ ద్వితీయ ఉన్న స్కూలు దొరికితే పాపకి అంతకన్నా మంచిది లేదు. దొరకకపోతే స్కూల్లో కన్నడ కానివ్వండి, తెలుగు మీ దగ్గర కూర్చుని చదువుతుంది.