బల్లార్షా ఎండల్లో లెపర్డ్ గెకో: ఎస్‌టీసీ-1000 థర్మోస్టాట్ సరిపోతుందా?

నమస్తే అండి. ఈ చిన్న నల్ల డబ్బా పేరు ఎస్‌టీసీ-1000, వేడిని బట్టి కరెంటుని ఆన్, ఆఫ్ చేసే థర్మోస్టాట్. వెయ్యి రూపాయల లోపే వస్తుంది. లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లి ట్యాంక్‌కి బాగానే పనికొస్తుంది. కాకపోతే మన బల్లార్షా, చంద్రపూర్ వాళ్లు దీన్ని కాస్త వేరేగా వాడుకోవాలి.

ట్యాంక్‌లో ఒక పక్క నేల 32 డిగ్రీలు ఉండాలి, రెండో పక్క 25 దగ్గర. వెచ్చటి నేలకి పొట్ట ఆనించి పడుకుంటేనే గెకోకి తిన్నది అరుగుతుంది. అందుకే హీట్ మ్యాట్‌ని, అంటే కరెంటుతో వేడెక్కే పలచటి చాపని, అడుగున మూడో వంతుకే పరుస్తాం. మ్యాట్‌ని నేరుగా ప్లగ్గులో పెడితే మాత్రం నేల 40 దాటిపోవచ్చు, పొట్ట కాలుతుంది.

ఇదిగో, ఎస్ బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టాను. ఎఫ్1 అంటే మనకి కావాల్సిన వేడి, అందులో 32 పెడుతున్నా. ఎఫ్2 అంటే తేడా, అది 2. ఇక నేల 30కి దిగితే మ్యాట్ ఆన్, 32కి రాగానే ఆఫ్. 34కి ఎక్కితే కూలింగ్ రిలే, అంటే చల్లబరిచే సామానుకి డబ్బాలో ఉన్న రెండో స్విచ్, ఆన్. నాకు నచ్చిందే ఆ రెండో రిలే. దానికి గదిలోని కూలర్ తగిలించాను.

మేలో మనకి 45 దాటడం మామూలే. ఎడారి బల్లికి ఎండొక లెక్కా అంటారు. కానీ అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ రాళ్ల నేలల్లో అది పగలంతా బొరియలోనో బండ కిందో దాక్కుని, పొద్దు గూకాకే బయటికొస్తుంది. గాజు పెట్టెలో దానికి బొరియ ఎక్కడిది? ఫ్యాన్ పెడితే గదిలో ఉన్న వేడిగాలినే తిప్పుతుంది. కూలరే దిక్కు. తేమ పెరగకుండా కిటికీ తీసి ఉంచండి, గాలి ట్యాంక్ మీదికి కొట్టనివ్వకండి. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల సీసాని చల్లటి పక్క గాజుకి బయట నుంచి ఆనించండి.

ఇబ్బందులూ ఉన్నాయి. డబ్బా వెనక వైర్లు బిగించే ఉత్త స్క్రూలే, వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. వెచ్చటి పక్క నేల వేడిని కొలిచే సెన్సర్ ఒక్కటే, చల్లటి పక్క సంగతి దానికి తెలియదు. అక్కడ వేరే థర్మామీటర్ పెట్టాలి. ఆ సెన్సర్ జారి పక్కకి పోతే మ్యాట్ ఆగనే ఆగదు. టేప్ అంటించకండి, గెకో చర్మానికి పట్టుకుంటుంది. సెన్సర్ మీద చిన్న టైల్ పెట్టండి, టైల్ పైన వేడిని టెంపరేచర్ గన్‌తో చూసి ఎఫ్1 ఒకటి రెండు డిగ్రీలు సవరించుకోండి.

వైరింగ్ గొడవ మనకెందుకు అనుకుంటే ప్లగ్గుతో వచ్చే మోడల్స్ ఉన్నాయి, కాస్త ఖరీదు. కొనేటప్పుడు హీటింగ్‌కి ఒకటి, కూలింగ్‌కి ఒకటి, రెండు సాకెట్లు ఉన్నాయో లేదో చూసుకోండి.