వీలునామాలో భార్యకు రాసే ఆ ఒక్క వాక్యం

(తెరపై: వీలునామా చివరి పేజీ. కింద ఒక సంతకం, పక్కనే ఒక వేలిముద్ర.)

నమస్కారం. మా వరంగల్, హనుమకొండ ప్రాంతంలో వీలునామా రాయించడానికి వచ్చిన పెద్దమనిషి డాక్యుమెంట్ రైటర్ ముందు కూర్చుని చెప్పే మాట చాలావరకు ఇలా ఉంటుంది: "నేను పోయినంక నా భార్య బతికున్నన్ని రోజులు అనుభవించాలె, ఆ తర్వాత పిల్లలకు చెందాలె." రైటర్ దాన్ని "నా భార్య యావజ్జీవం అనుభవించి, ఆమె తదనంతరం నా సంతానానికి సర్వహక్కులతో చెందవలెను" అని మార్చి రాస్తాడు. వినడానికి నిండుగానే ఉంటుంది కానీ, వీలునామా మొత్తంలో అత్యధికంగా తగాదా పుట్టించగలిగిన వాక్యం ఇదేనని నా అభిప్రాయం.

అసలు మన చేతిలో రాసివ్వగలిగింది ఎంత ఉందో ముందు చూద్దాం. ఒక ఊహాజనిత కుటుంబాన్ని తీసుకుందాం. హనుమకొండలో సొంత సంపాదనతో కట్టిన 200 గజాల ఇల్లు, పరకాల దగ్గర ఇంకా పంచుకోని మూడెకరాల ఉమ్మడి కుటుంబ భూమి, భార్య, కొడుకు, కూతురు, బతికి ఉన్న తల్లి. ఇల్లు స్వార్జితం కాబట్టి దాన్ని ఆయన ఎవరికైనా రాయవచ్చు. భూమి సంగతి వేరు. హిందూ వారసత్వ చట్టానికి 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో కూతురికి కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. అది తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నాడా లేదా అన్నదానిపై ఆధారపడదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుచేత ఆయన, కొడుకు, కూతురు ముగ్గురికీ సమాన వాటా ఉన్న మూడెకరాలలో ఆయన వీలునామాకు లోబడేది తన వంతుగా వచ్చే ఎకరం, అంటే నలభై గుంటలు మాత్రమే. మూడెకరాలూ కొడుకు పేరున రాసినంత మాత్రాన కూతురి ఎకరం ఎక్కడికీ పోదు.

వీలునామా లేకుండా ఆయన మరణిస్తే, ఇల్లు భార్య, కొడుకు, కూతురు, తల్లి నలుగురికీ సమానంగా చెందుతుంది. తల్లి కూడా మొదటి తరగతి వారసురాలేనన్న సంగతి చాలామంది మరిచిపోతారు. (ఇదంతా హిందూ వారసత్వ చట్టం లెక్క. ముస్లిం కుటుంబాల్లో, వారసుల సమ్మతి లేకుండా వీలునామాతో ఇవ్వగలిగింది ఆస్తిలో మూడో వంతు వరకే.)

ఇక ఆ వాక్యం దగ్గరికి వద్దాం. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. స్త్రీకి దక్కిన ఆస్తి, పరిమిత హక్కుగా ఇచ్చినదైనా, ఆమెకు సంపూర్ణ హక్కే అవుతుందని మొదటిది చెబుతుంది. వీలునామా ద్వారా పరిమితులతో కొత్తగా ఇచ్చిన హక్కుకు ఆ పరిమితులు వర్తిస్తాయని రెండోది చెబుతుంది. ఏది వర్తిస్తుందన్నది, అంతకుముందే ఆమెకున్న భరణపు (పోషణ) హక్కుకు బదులుగా ఆ ఆస్తి ఇచ్చారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు, భరణం కింద వితంతువుకు జీవితకాలానికే ఇచ్చిన ఆస్తి ఆమెకు పూర్తి హక్కుగా మారిందని తీర్పు చెప్పింది. కాబట్టి "నా భార్య పోషణ నిమిత్తం, జీవితకాలం మాత్రమే" అని రాసిన భర్త, తాను వేసుకున్న గట్టును తానే తెంపుకుంటున్నాడేమో ఆలోచించుకోవాలి.

నా మటుకు, భార్యకు ఇచ్చేది పూర్తిగానే ఇచ్చి, అమ్ముకునే, తాకట్టు పెట్టుకునే, ఎవరికైనా రాసుకునే హక్కుతో సహా ఇస్తున్నానని ఒకే వాక్యంలో చెప్పడం మేలనిపిస్తుంది. మొదటి పేరాలో "సర్వహక్కులతో భార్యకు" అని, మూడో పేరాలో "ఆమె తర్వాత కొడుక్కు" అని రాస్తే, ఆ రెంటినీ ఎలా పొసగించాలో తేల్చేది కోర్టే. జీవితకాల అనుభవమే ఇవ్వదలిస్తే, అద్దె ఎవరు తీసుకోవాలో, ఇంటి పన్ను ఎవరు కట్టాలో కూడా రాసి, న్యాయవాదికి చూపించండి.

సాక్షులు కనీసం ఇద్దరుండాలి. ఆస్తి రాసిస్తున్న వ్యక్తి సంతకం చేయడాన్ని సాక్షులు చూడాలి, లేదా ఆ సంతకం తనదేనని ఆ వ్యక్తే సాక్షులతో చెప్పాలి; ఆపై సాక్షులిద్దరూ ఆ వ్యక్తి ఎదుటే సంతకాలు చేయాలి. వివాదం వస్తే ఆ సాక్షుల్లో ఒకరైనా కోర్టుకు రావాలి కాబట్టి, మీ ఈడువారిని కాకుండా మీకంటే చిన్నవారిని, ఆస్తి దక్కనివారిని ఎంచుకోండి. కొడుకే రైటర్‌ను మాట్లాడి, సాక్షులను తెచ్చి, తండ్రిని ఆఫీసుకు తీసుకెళ్లి రాయిస్తే, ఆ ఆస్తంతా ఆ కొడుక్కే దక్కితే, కోర్టు దాన్ని అనుమానంతోనే చూస్తుంది.

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకుంటే పత్రం పోయినా నకలు దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: రిజిస్టరైన పాత వీలునామా కంటే, సక్రమంగా సాక్షులతో తెల్లకాగితం మీద రాసిన కొత్తదే చెల్లుతుంది. అందుకే కొత్తది రాసిన ప్రతిసారీ మొదట్లోనే "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు చేస్తున్నాను" అని తేదీలతో సహా రాయండి.

(తెరపై: పట్టాదారు పాసుపుస్తకం, సర్వే నంబరు దగ్గర వేలు ఆగుతుంది.)

భూమి విషయంలో చివరి మెట్టు తహసీల్దారు ఆఫీసు. విరాసత్ (చనిపోయినవారి భూమిని వారసుల పేరుకు మార్చడం) కోసం దరఖాస్తు పెట్టినప్పుడు వీలునామాలోని సర్వే నంబరూ, విస్తీర్ణమూ పాసుపుస్తకంతో గుంటతో సహా సరిపోవాలి. సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకపు పత్రం) మీద కొని, నేటికీ పట్టా పాత యజమాని పేరునే ఉన్న భూమైతే, దాన్ని వీలునామాలో చేర్చే ముందే మీ పేరుకు మార్పించుకోండి.