ముందు పైపు చూడండి

(విశాఖపట్నం కంచరపాలెంలో భవన నిర్మాణ పనుల శిక్షణకు చేరిన కొత్త బ్యాచ్‌తో ఒక తాపీ మేస్త్రీ మాట్లాడిన మాటలు)

పెద్దలందరికీ నమస్కారం. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. అందరికీ కలిపి ఒకటే దండం.

నిర్మాణ రంగంలో యువతకు అవకాశాలు గురించి మాట్లాడమన్నారు. మధురవాడ వైపు ఓసారి బస్సెక్కండి, అవకాశాలు కిటికీలోంచే కనపడతాయి. నేను చెప్పాలనుకున్నది వేరే.

పదో తరగతి తప్పి శ్రీకాకుళం నుంచి వచ్చాను. ఐదేళ్లు గమేళా మోశాకే తాపీ చేతికిచ్చారు. ఎవరూ నేర్పేవారు కాదు, పక్కనుండి చూసి పట్టుకోవాలి. "ఎందుకలా?" అంటే మొట్టికాయ.

గోపాలపట్నంలో ఒక ఇంటికి ప్లింత్ మట్టం, అంటే పునాది మీద నేల ఎత్తు, పెడుతున్నాం. లెవెల్ పైపంటే నీళ్లు నింపిన సన్న గొట్టం, రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఒక కొస మేస్త్రీ దగ్గర, రెండో కొస నా దగ్గర. నీళ్లు ఆగినచోట గీత గీయమన్నాడు, గీశాను. ఫ్లోరింగ్ అయ్యాక ఇంటాయన ఒక బకెట్ నీళ్లు కుమ్మరించాడు. గుమ్మం వైపు పోవాల్సిన నీళ్లు వంటగది మూలకి చేరి నిలబడిపోయాయి. ఒకటిన్నర అంగుళం తేడా! "ఏట్రా ఇది?" అని మేస్త్రీ అందరి ముందూ తిట్టి, నా తొమ్మిది రోజుల కూలీ కోసేశాడు. నేను గీత సరిగ్గానే గీశాను. ఇప్పటికీ అదే అంటాను.

మూడేళ్ల తర్వాత వేరే సైటులో ఒక ఐటీఐ కుర్రాడు పైపు చేతిలోకి తీసుకున్నాడు. గీత జోలికి పోలేదు. కొస నుంచి కొస దాకా వేళ్లతో తడుముతూ చూసుకుంటూ వెళ్లాడు. ఏం చూస్తున్నావు తమ్ముడూ అంటే, "బుడగుంటే రెండు వైపులా నీళ్లు ఒక ఎత్తులో నిలవవు అన్నా" అన్నాడు. పైపు పైకెత్తి తడితే బుడగ బయటికొచ్చేసింది. నిమిషం పని! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిది రోజుల కూలీ గుర్తొచ్చి.

అన్నిటికీ అంతే. స్తంభం కడ్డీకి కనీసం 40 మిల్లీమీటర్లు కవరు, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు పొర, వదలమంటుంది ఐఎస్ 456 అనే మన దేశపు కాంక్రీటు ప్రమాణం. ఆ ఎడం కోసం పెట్టే కవర్ బ్లాకులు అయిపోతే కంకర రాయి దూర్చేసేవాళ్లని చూశాను. మన ఉప్పుగాలికి కడ్డీ తుప్పుపట్టి ఉబ్బితే పైనున్న కాంక్రీటు పెచ్చులూడుతుంది. కారణం తెలిసిన కుర్రాడు రాయి దూర్చడు.

ఆగండి. లేబర్ కార్డు ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఇద్దరేనా? దీనికి 1996లోనే చట్టం వచ్చింది బాబూ. 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసుంటే నమోదు చేయించుకుని ఆ కార్డు తీసుకోవచ్చు. కట్టడం ఖర్చులో కనీసం ఒక శాతం సెస్సు మీ సంక్షేమానికే వసూలు చేస్తారు. పని మొదలెట్టిన రోజు నుంచీ తేదీలు రాసుకోండి. నేను రాసుకోలేదు. నా తొమ్మిది రోజులకి సాక్ష్యం లేకుండా పోయింది.

ఐదు నిమిషాలన్నారు, అయిపోయాయని ప్రిన్సిపల్ గారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం సార్. నీలం చొక్కా బాబూ, నా సంచిలో పైపుంది, పట్రా. కావాలనే ఒక బుడగ ఉంచాను. వెనక బెంచీ దాకా అందించుకోండి. దొరికినవాళ్లు చెప్పండి.