కాగితం ఎంత మోగితే బల్ల అంతే మోగాలి

అందరికీ నమస్కారం.

ఇంకాసేపట్లో మన విద్యార్థులు నలుగురు వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చుంటారు. వాళ్ళ మృదంగాలు, కంజీరలు పక్క గదిలోనే ఉన్నాయి. ఇక్కడ వాయించేది పాత వారపత్రికల మీద, లావుపాటి పుస్తకాల మీద, ఈ బల్ల మీద, ఈ నేల మీద. 'ఇన్నేళ్ళు నేర్పించి చివరికి కాగితాలు కొట్టిస్తున్నారా మాస్టారూ?' అని నిన్న ఒక తల్లి అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ముందు ఈ నాలుగు మాటలు.

ఈ రచన పేరు 'లివింగ్ రూమ్ మ్యూజిక్'. మన ఇళ్ళలో హాలు అంటామే, ఆ గది సంగీతం. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1940లో రాశాడు. 1912లో లాస్ ఏంజలెస్‌లో పుట్టినవాడు, అప్పటికి ముప్పై నిండలేదు. సియాటిల్‌లో కార్నిష్ స్కూల్‌లో నాట్యం క్లాసులకు పియానో వాయిస్తూనే ఒక తాళవాద్య బృందాన్ని తయారుచేశాడు. 1938 డిసెంబరులో వాళ్ళ మొదటి కచేరీ జరిగింది. పాత కార్ల బ్రేక్ డ్రమ్ములు, రేకు డబ్బాలు కూడా ఆయనకు వాద్యాలే. అంతకుముందు కాలిఫోర్నియాలో ఆయనా, భార్య జీనియా పుస్తకాల బైండింగ్ నేర్చుకుంటూ తోటి బైండర్లతో ఒకే ఇంట్లో ఉన్నారు. పగలు బైండింగ్, సాయంత్రమైతే వాళ్ళందరితో తాళవాద్య సాధన. నాకీ విషయం ఎంత ఇష్టమో చెప్పలేను. ఆయన తొలి వాద్యకారులు కుట్టుసూది, జిగురు పట్టుకునే చేతులవాళ్ళు!

సరే, రచనలోకి వద్దాం. నాలుగు భాగాలు, మొత్తం కొద్ది నిమిషాలే. మొదటిదీ చివరిదీ ఇంటి వస్తువుల మీద. ఒకరికి పత్రికో, అట్టో, ఒకరికి బల్ల, ఒకరికి పెద్ద పుస్తకాలు, నాలుగో వాళ్ళకు నేల, గోడ, తలుపు, కిటికీ చట్రం, ఏదైనా సరే. మూడో భాగంలో ఒకరు నచ్చిన వాద్యం మీద ఒక రాగవరస వాయిస్తారు. అది వదిలేసినా తప్పులేదని స్వరకర్తే అన్నాడు. మేం వదిలేశాం.

రెండో భాగంలో వస్తువులుండవు, నోళ్ళే. అమెరికన్ రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్ పిల్లల కోసం రాసిన కథలోంచి ఒక వాక్యాన్ని తీసుకుని, దాన్ని ముక్కలు చేసి, గుసగుసగా, గట్టిగా, ఒకరి మీద ఒకరు పలుకుతారు. ఇక్కడ మన పిల్లలకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేకపోయింది. తకధిమి నోటితో పలికాకే చేతికి తెచ్చుకున్నవాళ్ళు కదా.

కష్టమంతా మొదటి భాగంలో వచ్చింది. మొదటి రోజే ఒక అమ్మాయి అడిగింది, 'మాస్టారూ, తాళం ఎవరు వేస్తారు?' అని. మన తని ఆవర్తనంలో, అంటే కచేరీలో తాళవాద్యాలు మాత్రమే మోగే భాగంలో, చేత్తో తాళం వేసేవాళ్ళు ఎదురుగా కనిపిస్తారు. ఎక్కడ తప్పిపోయినా ఆ చెయ్యి చూసి సమం, అంటే తాళం మొదటి దెబ్బ, పట్టుకోవచ్చు. ఇక్కడ ఆ చెయ్యి లేదు. టెన్షన్ పడుతున్నారని, పోనీ కాలితో వేసుకోండి అన్నాను. తప్పు నాదే. నేల నాలుగో వాద్యం! నలుగురూ కాళ్ళు తాటిస్తుంటే నేల వాయించే అబ్బాయి దెబ్బ ఏదో, తాళం ఏదో తెలియలేదు. మరుసటి రోజు నుంచి కాళ్ళు ఆపేశాం. లెక్క లోపల పెట్టుకుని ఒకరి ఊపిరి ఒకరు చూసుకోవడం మొదలైంది.

ఆ తర్వాత బల్లతో పేచీ. మృదంగం మీద ఏళ్ళ తరబడి సాధన చేసిన చెయ్యి బల్ల మీద పడితే గది అదిరింది. పక్కనే పత్రిక వాయించే అమ్మాయి ఎంత ప్రయత్నించినా ఒక్క దెబ్బా వినపడలేదు. 'గట్టిగా కొట్టు' అన్నారు మిగతా ముగ్గురు. కొడితే పత్రిక చిరిగింది. కాగితానికి అంతకన్నా గొంతు లేదు. కాబట్టి తగ్గాల్సింది బల్లే. నలుగురిలో ఎవరి గొంతు చిన్నదో అక్కడికి మిగతా ముగ్గురూ దిగి రావాలి. బల్ల ముందున్న అబ్బాయి అరచెయ్యి మానేసి వేళ్ళ కొసలతో వాయించడం నేర్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. తల్లిదండ్రులు గమనించారో లేదో, ఇప్పుడు అతను మృదంగంతో పాటకు పక్కవాద్యం వాయించేటప్పుడు కూడా పల్లవి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు అదే.

మన ఘటం కూడా మట్టికుండే. తాళవాద్య కచేరీలో అది మృదంగం పక్కన కూర్చుంటే ఎవరూ ఆశ్చర్యపోరు. పత్రికను కూడా అలాగే వినండి.

ఒక్క మనవి. ఫ్యాన్లు ఆపిస్తున్నాను, ఆరు నిమిషాలు ఉక్కపోత ఓర్చుకోండి. ఫ్యాను తిరిగితే కాగితం వినపడదు. పిల్లలూ, రండి.