ఉప్పుగాలి ఊళ్లో కత్తుల సేకరణ: కొత్తగా వస్తున్నవారికి

అందరికీ నమస్కారం. మొదటిసారి వచ్చినవాళ్లకి ప్రత్యేకంగా స్వాగతం. మీలో చాలామంది ఫోన్లో ఏదో ఒక కత్తి ఫొటో దాచుకుని, "ఇది కొనొచ్చా?" అని అడుగుదామనే వచ్చి ఉంటారు. కొనొచ్చు. కానీ ఒక నెల ఆగి కొనండి. ఆ నెలలో ఏం చూడాలో, చేతికి ఏం అలవాటు చేసుకోవాలో ఇప్పుడు చెప్పుకుందాం.

కొత్తలో ఎక్కువమంది కంటికి నచ్చినదల్లా కొనేస్తారు. ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఇరవై కత్తులుంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. సేకరణ అన్నాక ఒక వరస ఉండాలి. ఒకే పనికి వాడే కత్తులు కావచ్చు, ఒకే ప్రాంతానివి కావచ్చు, ఒకే కంపెనీవి కావచ్చు, ఒకే రకం లాక్ ఉన్న మడతకత్తులు కావచ్చు. విశాఖలో ఉన్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది, మన పనికత్తులతో మొదలుపెట్టమని. కల్లుగీత కత్తి, కొబ్బరి బొండాల కత్తి, ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కోసే కత్తిపీట, అనకాపల్లి వైపు చెరకు కొట్టే కత్తి, పాడేరు, అరకు సంతల్లో దొరికే ఏజెన్సీ కత్తులు. వీటికి పెద్ద ఖర్చుండదు. చేసిన కమ్మరి దగ్గరికే వెళ్లి అడగొచ్చు. విదేశీ కత్తుల మీద పుస్తకాలకి పుస్తకాలున్నాయి. మన కొలిమిలో పుట్టినవాటి గురించి రాసి పెట్టినది చాలా తక్కువ. ఆ పని మీరు చెయ్యగలరు.

వీటి ఆకారం ఊరికే వచ్చింది కాదు. కల్లుగీత కత్తి పలచగా, క్షౌరం చేసేంత పదునుగా ఉండాలి, ఎందుకంటే గెలని ప్రతిసారీ రేకంత పలచగానే చెక్కాలి. అంచు మొద్దుబారితే గెల నలుగుతుంది, కల్లు సరిగా దిగదు. బొండాల కత్తికి బరువు ముందుకి ఉంటుంది, దెబ్బలో సగం పని ఆ బరువే చేస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బ్లేడు మందం, బరువు ఎక్కడుంది, అంచు కోణం ఎంత అన్న మూడు సంగతులూ ఒక పూటలో అర్థమవుతాయి. ఖరీదైన కత్తి కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలూ ఇవే.

కమ్మరి చేసిన కత్తి చేతిలోకి తీసుకోగానే ముందు వెన్ను చూడండి. పిడి దగ్గర మందంగా ఉండి మొన వైపు క్రమంగా పలచబడితే సుత్తితో సాగదీసినది. మొదట్నుంచి చివరిదాకా ఒకే మందం ఉంటే రేకు కోసి చేసినది. తర్వాత పొన్ను చూడండి. పిడి చివర ఆ ఇనుప కట్టు లేకపోతే బ్లేడు తోక చుట్టూ కర్ర చీలుతుంది. పట్టుకుని ఊపితే కదులుతోందా? కర్ర ఎండి కుంచించుకుపోయి ఉంటుంది. అలాంటిదాన్ని మేకు కొట్టి బిగించకూడదు. కర్ర చీలుతుంది, పాత కత్తి అయితే దాని విలువా పోతుంది. పిడి ఊడదీసి, రంధ్రంలో లక్క పొడి పోసి, తోకని మాత్రమే వేడిచేసి దించితే లక్క కరిగి పట్టుకుంటుంది. తోక వేడెక్కుతున్నంతసేపూ బ్లేడుకి తడిగుడ్డ చుట్టి ఉండాలి. లేకపోతే వేడి పాకి అంచు బిరుసు పోతుంది.

ఉక్కు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. కొలిమి కత్తుల్లో ఎక్కువభాగం పాత లారీ కమాన్ పట్టీలతో చేసినవే. ఆ ఉక్కులో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడటానికి అది చాలు. ఇళ్లు కట్టే కడ్డీ ముక్క తెచ్చి కత్తి చెయ్యమని కమ్మరిని అడిగేవాళ్లు మన ఊళ్లో తరచూ కనిపిస్తారు, స్టీల్ ప్లాంటు పక్కనే ఉంది కదా అని. కడ్డీలో కార్బన్ 0.25 శాతం చుట్టుపక్కలే. వంగినా విరగకూడదని, వెల్డింగుకి పనికిరావాలని అలా చేస్తారు. దాన్ని ఎంత కాల్చి ముంచినా కత్తికి కావలసిన బిరుసు రాదు. కత్తి గట్టిపడిందో లేదో తెలియాలంటే ఆకురాయి చాలు. పిడి దగ్గర, కనపడని చోట, అంచు మీద మెల్లగా ఒక్కసారి లాగండి. జారిపోతే గట్టిగా ఉన్నట్టు, సులువుగా కరిస్తే మెత్తగా ఉన్నట్టు. వెన్ను మీద కరిచి, అంచు మీద జారితే ఆ కమ్మరి పని తెలిసినవాడు. వెన్ను కాస్త మెత్తగా ఉంటేనే దెబ్బకి కత్తి విరక్కుండా ఉంటుంది.

కంపెనీ కత్తుల బ్లేడు మీద ఉక్కు పేరు ఉంటుంది. 1095 అంటే 0.95 శాతం కార్బన్ ఉన్న మామూలు కార్బన్ ఉక్కు. చక్కగా పదునెక్కుతుంది, ఈ ఊళ్లో ఒక్క రాత్రిలో తుప్పూ పడుతుంది. 440సి స్టెయిన్‌లెస్. డి2లో క్రోమియం 12 శాతం దాకా ఉన్నా, అందులో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది. తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. అందుకే డి2ని స్టెయిన్‌లెస్ అని అమ్మితే నమ్మకండి. ఉక్కు గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద స్విస్ జేబుకత్తులు సుమారు 56. అంటే కొంచెం మెత్తన. పదును త్వరగా పోతుంది, అంతే త్వరగా వస్తుంది. మొదటి కత్తికి ఇది మంచి గుణం. గట్టిదనం 60 దాటిన కత్తిని నూరడం రానివాళ్లు కొంటే, ఒకసారి మొద్దుబారాక అది డబ్బాలోనే ఉండిపోతుంది.

డమాస్కస్ అనే పేరుతో జరిగే మోసం కూడా తెలుసుకోవాలి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి రెండు రకాల ఉక్కుని పొరలు పొరలుగా కొలిమిలో అతికించి, ఆమ్లంలో ముంచి గీతలు పైకి తెచ్చినవి. అది నిజాయితీ గల పనే, కష్టమైనదీను. పాతకాలపు అసలు డమాస్కస్ కత్తులకి వాడిన ఊట్జ్ వేరు. మూసలో కరిగించి తీసిన అధిక కార్బన్ ఉక్కు అది, నిజామాబాద్ వైపు కోనసముద్రం దానికి పేరుపడ్డ ఊరు. అందులో గీతలు ఉక్కులోంచే వస్తాయి. మోసం ఎక్కడంటే, మామూలు స్టెయిన్‌లెస్ మీద లేజర్‌తో గీతలు వేసి డమాస్కస్ అనడం. కత్తిని తిప్పి వెన్ను చూడండి. పక్కల మీది గీతలు వెన్ను మీదుగా దాటి అవతలి వైపుకి కొనసాగాలి. వెన్ను నున్నగా ఉండి, రెండు పక్కలా అచ్చు గుద్దినట్టు ఒకే బొమ్మ ఉంటే వదిలెయ్యండి.

పాత మడతకత్తి కొనేటప్పుడు తొందరపడకండి. సగం తెరిచి వదలండి, మూసేటప్పుడు స్ప్రింగు టక్కున లాగాలి. పూర్తిగా తెరిచి బ్లేడుని పైకీ కిందకీ, తర్వాత పక్కలకీ కదపండి. పక్కలకి వెంట్రుకవాసి ఆట ఉంటే పాత కత్తిలో సర్దుకోవచ్చు. పైకీ కిందకీ ఆట ఉంటే లాక్ గానీ స్ప్రింగు గానీ అరిగిపోయింది, అది బాగుపడదు. లైటుకి అడ్డంగా పట్టి స్ప్రింగుకీ పక్కరేకులకీ మధ్య వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. బ్లేడు మొదట్లో ఉండే కంపెనీ ముద్ర అక్షరాల అంచులు కరిగినట్టుంటే ఎవరో చక్రం మీద గట్టిగా పాలిష్ పట్టారని అర్థం. మెరుపు చూసి ఎక్కువ ఇవ్వకండి. మెరుపు లేని, ముద్ర స్పష్టంగా ఉన్న, బ్లేడు వెడల్పు తగ్గని కత్తికే విలువ.

ఓపినెల్ గురించి ఒక మాట. 1890లో ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో మొదలైన ఈ చెక్కపిడి మడతకత్తి ధర తక్కువ, పని గొప్ప. 1955 నుంచి బ్లేడు మొదట్లో తిరిగే ఉంగరం లాక్ వచ్చింది. కొత్తవాళ్లకి నేను మొదట చెప్పే విదేశీ కత్తి ఇదే. కానీ దాని పిడి బీచ్ చెక్క. మన వానాకాలంలో చెమ్మ పీల్చి ఉబ్బి, బ్లేడుని లోపలే పట్టేస్తుంది. గోటితో లాగి గోరు విరగ్గొట్టుకోకండి. పిడి వెనక చివరని బల్ల అంచుకి ఒకసారి తట్టండి, బ్లేడు కొంచెం బయటికి వస్తుంది. కొన్న వారమే పిడి లోపలి గాడికి అవిసె నూనె పలచగా పట్టించి, రెండు రోజులు తెరిచి ఆరబెడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి పారెయ్యకండి, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. నీళ్లలో తడిపి పరిచి ఆరెయ్యండి.

ఇక తుప్పు. మన ఊళ్లో సేకరణ నిలిచేదీ పోయేదీ దీని దగ్గరే. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పుకి వేగం వస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పు కణం ఉక్కు మీద వాలితే అంతకంటే తక్కువ తేమనే పీల్చుకుని తడిగా ఉంటుంది. స్టెయిన్‌లెస్‌నీ అది వదలదు. పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొరని ఉప్పులోని క్లోరైడ్ చీల్చి, సూదిమొనంత గుంటలు పెడుతుంది. మెరుస్తున్న బ్లేడు మీద నల్లటి చుక్కలు కనిపిస్తే అవి మరకలు కావు, గుంటలు. వేలిముద్రలోనూ ఉప్పుంటుంది. అందుకే చూసిన ప్రతిసారీ బ్లేడు తుడవాలి.

కత్తిని తోలు ఒరలో దాచకండి. తోలు చెమ్మని పీల్చి పట్టుకుంటుంది, తోలు ఊనడానికి వాడిన ఆమ్లాలూ లవణాలూ ఆ చెమ్మలో ఉక్కుని తింటాయి, ఇత్తడికి పచ్చటి చిలుము పట్టిస్తాయి. ఒర వేరుగా, కత్తి వేరుగా. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డ మీద వేసి బ్లేడంతా పలచగా తుడవండి. వంటకి వాడే కత్తులకైతే మందులషాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్. కొబ్బరినూనె, వేరుశనగ నూనె వద్దు, కొన్నాళ్లకి బంకగా మారి మడతకత్తి కీలుని పట్టేస్తాయి. మూత గట్టిగా పట్టే 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాకి 50 గ్రాముల సిలికా జెల్ సరిపోతుంది. రంగు మారే రకం కొనండి, నీలం కాకుండా నారింజ రకం. నీలంలో ఉండే కోబాల్ట్ విషం. రంగు మారాక 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. మన ఎండలో పెట్టి ఆరిందనుకోకండి, ఎండతోపాటు తేమా ఉంటుంది ఇక్కడ. డబ్బాలో చిన్న తేమమీటరు ఉంచి 40కీ 50కీ మధ్య చూసుకోండి. మరీ తగ్గితే చెక్కపిడులు పగుళ్లిస్తాయి. పాత సెల్యులాయిడ్ పిడి ఉన్న కత్తిని మాత్రం మిగతావాటితో కలపకండి. ముసలితనంలో అది ఆమ్ల వాయువులు వదిలి పక్క కత్తులన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. తేలిగ్గా అంటుకునే పదార్థం కూడా.

ఎర్రటి తుప్పు కనిపిస్తే నూనె వేసి ఒక రోజు నాననిచ్చి, 0000 రకం స్టీల్ ఉన్నితో మెల్లగా రుద్దండి. గరుకు కాగితం ముట్టుకోకండి. నల్లటి, బూడిదరంగు పొర తుప్పు కాదు, కార్బన్ ఉక్కుకి వయసుతో వచ్చే రక్షణ. దాన్ని తీసేస్తే కత్తి చరిత్ర పోతుంది, తుప్పుకి దారి దొరుకుతుంది. ఇత్తడి భాగాలని చింతపండుతో తోమే అలవాటు మన ఇళ్లలో ఉంది. గిన్నెలకి అది మంచిదే. కత్తికైతే ఆ పులుపు కీలులోకి, పిడి సందుల్లోకి దిగి లోపలి స్ప్రింగుని తినేస్తుంది. పైకి తళతళలాడుతూ లోపల కుళ్లిపోతుంది.

నూరడం వాడే కత్తి మీదే నేర్చుకోండి, సేకరణలోని పాత కత్తి మీద కాదు. 1000 నంబరు రాయి, తర్వాత 3000 చాలు. కోణం ఎంతో కంటికి తెలియదు కాబట్టి లెక్క చెబుతాను. ఒక్కో వైపు 15 డిగ్రీలు కావాలంటే బ్లేడు వెడల్పుని 0.26తో, 20 డిగ్రీలైతే 0.34తో గుణించండి. వచ్చినంత ఎత్తుకి వెన్ను రాయి మీంచి లేవాలి. 30 మి.మీ. వెడల్పున్న వంటింటి కత్తికి 15 డిగ్రీలంటే సుమారు 8 మి.మీ. ఆ ఎత్తుకి నాణేలు పేర్చి చూసుకుని, ఆ పట్టు చేతికి గుర్తుండేలా చెయ్యండి. ఒక వైపు నూరుతుంటే అవతలి అంచున సన్నటి రేకు లేస్తుంది. వెన్ను నుంచి అంచు వైపుకి బొటనవేలు అడ్డంగా జార్చితే గరుగ్గా తగులుతుంది. మొదటినుంచి మొనదాకా ఆ రేకు లేవకముందే వైపు మార్చడం వల్లే ఎక్కువమందికి పదును రాదు. వీధిలో చక్రం మీద సాన పట్టించొద్దు. అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ 300 డిగ్రీల వేడి తగిలింది, ఆ మేర బిరుసు పోయింది. ఆ నీలం ఉన్నంతా నూరి తీసేస్తే తప్ప మళ్లీ పదును నిలవదు.

చట్టం సంగతి ఎవరూ దాటెయ్యకండి. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల్లో, 9 అంగుళాలకంటే పొడవు లేదా 2 అంగుళాలకంటే వెడల్పు బ్లేడున్న కత్తులు, బాకులు, కుక్రీలు ఆయుధాల వర్గంలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకి తయారైనవాటికి మినహాయింపు ఉంది. బొండాల కత్తి ఇంట్లో ఉండటం వేరు, దాన్ని నడుముకి పెట్టుకుని బీచ్ రోడ్డులో తిరగడం వేరు. ఎన్నికలప్పుడు, ఉద్రిక్తతలున్నప్పుడు ఆయుధాలు పట్టుకు తిరగొద్దని పోలీసు ఉత్తర్వులు వస్తుంటాయి. బటన్ నొక్కితే తెరుచుకునే కత్తులు, రామ్‌పురీ మడతకత్తుల జోలికి కొత్తవాళ్లు వెళ్లకండి. ఢిల్లీలో 1980 నోటిఫికేషన్ ప్రకారం 7.62 సెం.మీ. లేదా అంతకంటే ఎక్కువ పొడవు, 1.72 సెం.మీ. లేదా అంతకంటే ఎక్కువ వెడల్పు బ్లేడున్న అలాంటి కత్తుల మీద ఆంక్షలున్నాయి. వందేళ్లు దాటిన కత్తి 1972 పురావస్తు చట్టం పరిధిలోకి రావచ్చు, దాన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఏనుగు దంతం, దుప్పికొమ్ము పిడులు ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. వన్యప్రాణి చట్టం వాటి వ్యాపారాన్ని నిషేధించింది.

కొన్న రోజే ఒక నోటు పుస్తకంలో రాసుకోండి: ఎక్కడ, ఎంతకి, బ్లేడు పొడవు, వెడల్పు, వెన్ను మందం, బరువు, పిడి కర్ర, చేసినవారి ఊరు, ఏ పనికి వాడతారు. బిల్లు ఉంటే అందులోనే అంటించండి. కొలిమి కత్తికైతే కమ్మరిని అడిగి ఉక్కు ఎక్కడిదో, దేనిలో ముంచాడో రాయండి. ఆయన ఇష్టపడితేనే పేరు రాయండి.

ఇప్పుడు ఈ బల్ల మీదున్నవి చూద్దాం. తీసుకునే ముందు అడగండి. బ్లేడుని వేళ్లతో ముట్టుకోకండి, పిడినే పట్టుకోండి. పదును చూడాలంటే కాగితాలు పెట్టాం, చేతిమీద వెంట్రుకలు గీసి చూడొద్దు. మడతకత్తిని టకటకా తెరిచి మూయకండి, పాత స్ప్రింగులు విరుగుతాయి. పక్కవారికి ఇచ్చేటప్పుడు మడతకత్తి అయితే మూసి ఇవ్వండి, లేకపోతే బల్ల మీద పెట్టండి, వాళ్లే తీసుకుంటారు. చూడటం అయ్యాక ఎడమవైపున్న నూనెగుడ్డతో ఒకసారి తుడిచి, మళ్లీ దాని చోటే పెట్టండి.