నీళ్లు అడిగే చెట్టుకు ఫేజులతో పనేముంది?

శ్రోతలందరికీ నమస్కారం.

మా అనంతపురం పల్లెల్లో బోరున్న ప్రతి రైతుకూ స్టార్టర్ డబ్బా తెలుసు. పచ్చ బటన్ నొక్కితే మోటారు ఆడుతుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. బోరులో ఉన్నది ఐదు హెచ్‌పీదా, ఏడున్నర హెచ్‌పీదా, కొత్తదా, కాలిపోతే రీవైండింగ్ చేయించి మళ్లీ దించిందా, బటన్ నొక్కే చేతికి అక్కర్లేదు. మోటారు మారినా బటన్లు మారవు. ప్రోగ్రామింగ్‌లో ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను మొదట చెప్పేది ఈ రెండు బటన్ల గురించే.

ఇంటర్‌ఫేస్‌లో పనుల పేర్లే ఉంటాయి. ఆ పని ఎలా చేయాలన్నది అందులో ఉండదు. ఆ పనులు నిజంగా చేసే ప్రోగ్రాం ముక్కను క్లాసు అంటాం. చేస్తానని ఒప్పుకున్న క్లాసు ఆ పనులన్నీ రాసి తీరాలి, ఒక్కటి ఎగ్గొట్టినా, మనం రాసింది సరిచూసి యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ ఊరుకోదు. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను బయటికి తెచ్చినప్పుడే ఇంటర్‌ఫేస్ అన్న మాట ఆ భాషలో ఉంది. ఈ నిర్వచనాన్ని పిల్లలు పరీక్షలో చక్కగా రాస్తారు. చిక్కంతా ప్రోగ్రాం రాసేటప్పుడే.

ఆ చిక్కు ఎలాంటిదో చెబుతాను. ఆఖరి సంవత్సరం పిల్లలు నలుగురు చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, దానంతట అదే నీళ్లు పెట్టే ప్రోగ్రాం ఒకటి రాశారు. మట్టిలో తేమ ఎంతుందో సెన్సర్ చెబుతుంది, అది విని ప్రోగ్రాం మోటారు ఆడిస్తుంది. ఆ నలుగురిలో ఒకబ్బాయి వాళ్ల చిన్నాయన తోటలోనే దాన్ని పెట్టారు. వాళ్లు రాసిన ఇంటర్‌ఫేస్ పేరు పంపు. అందులో మూడు పనులు: ఎన్ని ఫేజులున్నాయో చెప్పు, మొదలుపెట్టు, ఆపు. ఫేజుల సంగతి ఎందుకంటే, త్రీఫేజ్ మోటారుకు ఒక ఫేజు పోయి రెండిటి మీదే ఆడితే వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. రైతు బిడ్డలు, కాలిన మోటారును బోరులోంచి పైకి లాగడం చూసినవాళ్లు. అందుకే మూడు ఫేజులుంటేనే మోటారు వేయమని రాశారు. బాగానే పనిచేసింది.

తర్వాత చిన్నాయన సోలార్ పంపు పెట్టించుకున్నాడు. పిల్లలకు సంబరం. “ఇంటర్‌ఫేస్ ఉంది కదా సార్, సోలార్‌కు ఇంకో క్లాసు రాస్తే చాలు, మిగతాది ముట్టుకోనక్కర్లేదు” అన్నారు. మొదలుపెట్టు రాశారు, ఆపు రాశారు. ఎన్ని ఫేజులు అన్న దగ్గర చెయ్యి ఆగింది. ఎండకు ఆడే పంపుకు లైను కరెంటు ఫేజులెక్కడివి? సున్నా అని రాశారు. మర్నాడు ఎండ చుర్రుమంటోంది, మట్టి ఎండిపోయిందని సెన్సర్ మొత్తుకుంటోంది, పంపు మాత్రం కదల్లేదు. ఫేజులు సున్నా అంటే కరెంటు లేదనుకుని ప్రోగ్రాం కాచుకుని కూర్చుంది.

“మూడని రాసేద్దాం సార్, ఆడుతుంది” అన్నాడొకడు. ఆడుతుంది, నిజమే. కానీ మబ్బు పట్టిన రోజు కూడా ఆ క్లాసు మూడనే చెబుతుంది. నీళ్లు పెట్టేశాననుకుంటుంది ప్రోగ్రాం, చెట్టు మొదట్లో చుక్క పడదు. క్లాసు చేత అబద్ధం ఆడించాల్సి వచ్చిందంటే, తప్పు ఆ క్లాసులో కాదు, ఇంటర్‌ఫేస్‌లో ఉందని నా నమ్మకం.

అప్పుడు నేను అడిగాను: తేమ చూసే భాగానికి నిజంగా కావాల్సింది ఏమిటి? ఫేజులా? కర్నూలు జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె చెప్పింది: “కాదు సార్. ఇప్పుడు నీళ్లు ఇయ్యగలవా లేదా, అంతే.”

అంతే. ఫేజుల ప్రశ్న తీసేసి, సిద్ధమేనా అన్న ప్రశ్న పెట్టారు. త్రీఫేజ్ మోటారు క్లాసు తన ఫేజులు తాను లెక్కపెట్టుకుని జవాబిస్తుంది. సోలార్ క్లాసు ఎండ చూసుకుని జవాబిస్తుంది.

ఈ పూట ఈ ఒక్కటి పట్టుకోండి. ఇంటర్‌ఫేస్‌ను పని చేసేవాడి వైపు నుంచి రాయకండి. పని అడిగేవాడి వైపు నుంచి రాయండి. అడిగే భాగాన్ని ముందు రాయండి, అందులో మీ చేతికి ఏ ప్రశ్నలొచ్చాయో అవే ఇంటర్‌ఫేస్‌లోకి తీసుకోండి, ఇంకొకటి చేర్చకండి. చేర్చడం తేలిక, మోయడం కష్టం. పది క్లాసులు ఒప్పుకున్న ఇంటర్‌ఫేస్‌లోకి కొత్త పని వచ్చిందంటే పదింటినీ తిరగరాయాలి. 2014లో జావా 8 డిఫాల్ట్ మెథడ్లు, అంటే కొత్త పని ఎలా చేయాలో ఇంటర్‌ఫేస్‌లోనే రాసిపెట్టే వీలు, తెచ్చాక ఆ బాధ కొంత తగ్గింది గాని, పూర్తిగా పోలేదు. ఇంకో మాట. ఉన్నది ఒక్క మోటారే, అది మారదు అని మీకు గట్టిగా తెలిస్తే ఇంటర్‌ఫేస్ రాయకపోయినా నష్టం లేదు.

ఇలా రాయడంలో నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. పిల్లలు ఉత్తుత్తి పంపు అని ఒక క్లాసు రాసుకున్నారు. అది నీళ్లు తోడదు, ఆడాను, ఆగాను అని తెర మీద చూపిస్తుందంతే. దాంతో క్లాసురూంలో కూర్చునే ప్రోగ్రాం మొత్తం పరీక్షించుకున్నారు, మాటిమాటికీ తోటకు పోవాల్సిన పని తప్పింది.

ఇంటర్‌ఫేస్ పేరు కూడా మార్చారు. “మా పొలానికి పంపు లేదు సార్, కేసీ కెనాల్ తూము” అంది ఆ అమ్మాయి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని కడప దాకా పోయే కాలువ అది. పంపు పోయి నీటివనరు అన్న పేరు వచ్చింది. తూము క్లాసు ఆ అమ్మాయే రాసింది. సిద్ధమేనా అంటే కాలువలో నీటిమట్టం చూస్తుంది, మొదలుపెట్టు అంటే షట్టర్ లేపుతుంది, ఆపు అంటే దించుతుంది. తేమ చూసే భాగంలో ఒక్క లైను కూడా కదపలేదు. అయ్యాక, ఫేజు అన్న మాట ఎక్కడెక్కడుందో ప్రోగ్రాం అంతా వెతికించాను. త్రీఫేజ్ మోటారు క్లాసులో తప్ప ఇంకెక్కడా లేదు.