శిక్షల పుస్తకంలో బిడ్డల జాడ

అందరికీ నమస్కారం.

కుటుంబ చరిత్ర వెతికేవాళ్ళు మామూలుగా పేరుతో మొదలుపెడతారు. ఈరోజు నేను చెప్పబోయే పిల్లల విషయంలో పేరు అన్నిటికంటే చివర దొరుకుతుంది. కొందరిది అసలే దొరకదు.

బ్రిటన్, ఐర్లండ్ కోర్టుల్లో శిక్షపడిన ఆడవాళ్ళని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకి పంపేసిన రోజులవి. ఇప్పటి టాస్మేనియాని అప్పట్లో వాన్ డీమెన్స్ ల్యాండ్ అనేవాళ్ళు. 1853లో ఆడఖైదీల ఆఖరి ఓడ ‘డచెస్ ఆఫ్ నార్తంబర్లాండ్’ హోబర్ట్ చేరేనాటికి అక్కడికి 12,000 మందికి పైగా స్త్రీలను తీసుకొచ్చారు. చాలామంది చేసిన నేరం చిన్నపాటి దొంగతనం. అంగట్లో గుడ్డముక్క, పనిచేసే ఇంట్లో చెంచాలు, అలాంటివి. దానికి ఏడేళ్ళ ద్వీపాంతరం. కొందరు చంటిబిడ్డల్ని వెంట తెచ్చుకున్నారు. కొందరు పిల్లల్ని ఊళ్ళోనే వదిలి వచ్చారు. ఇంకా ఎందరో అక్కడికి వచ్చాక తల్లులయ్యారు.

ఆ ప్రభుత్వం తల్లి గురించి ఎంత రాసుకుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎత్తు అంగుళాలతో సహా, కళ్ళ రంగు, ముక్కు తీరు, ముఖం మీద మశూచి మచ్చలు, చేతి మీద పచ్చబొట్టు. ఆ పచ్చబొట్టులో కనిపించే పొడి అక్షరాలు వదిలి వచ్చిన భర్తవో పిల్లలవో కావచ్చు, వాటిని తేలిగ్గా దాటిపోకండి. ఇదంతా ఎందుకు రాశారంటే, పారిపోతే పట్టుకోవడానికి. చంటిబిడ్డ పారిపోదు కదా, దాని గురించి రాయాల్సిన పని వాళ్ళకి పడలేదు. అందుకే బిడ్డను వెతకాలంటే తల్లి శిక్షల పుస్తకమే తెరవాలి.

ఆ పుస్తకంలో ఒక్కో స్త్రీకి ఒక్కో పద్దు ఉంటుంది. పైన ఏ కోర్టు, ఏ తేదీ, ఎన్నేళ్ళు, ఏ ఓడ. ఖైదీ ఆడవాళ్ళని ఇళ్ళల్లో పనికి పెట్టేవాళ్ళు, కాబట్టి కింద వరసగా తప్పులు, పక్కన ఆమె పనిచేస్తున్న యజమాని పేరు, వేసిన శిక్ష. ఇరుకైన చేతిరాత, సగం మాటలు పొడి అక్షరాల్లోనే. ఒకచోట, అనుమతి లేకుండా రాత్రి బయట ఉందని ఉంటుంది. కొన్ని నెలల తర్వాత, గర్భవతి కాబట్టి యజమాని తిప్పి పంపేశాడని. ఆ తర్వాత అక్రమ సంతానాన్ని కన్నందుకు ఇన్ని నెలల కఠిన శ్రమ అని. మీరు వెతుకుతున్న బిడ్డ లోకంలోకి వచ్చిన సంగతి మొదట అక్కడ కనబడుతుంది, తల్లి చేసిన నేరంగా. తండ్రి మాట ఎక్కడా ఉండదు. ఆ పద్దులు చదువుతుంటే నాకు కోపం ఆగదు.

హోబర్ట్ దగ్గర కాస్కేడ్స్‌లో 1828లో ఆడఖైదీల కార్ఖానా, అంటే వాళ్ళని ఉంచి పని చేయించే జైలు, తెరిచారు. అంతకుముందు అది సారా బట్టీ. చలి, తేమ, ఎండ సరిగా పడని గోడలు. గర్భిణులను అక్కడికి పంపేవాళ్ళు. పురుడు అయ్యాక కొన్ని నెలలు పాలివ్వనిచ్చి, పాలు మాన్పించి, తల్లిని బట్టలుతికే తొట్ల దగ్గరికి శిక్షకి పంపేవాళ్ళు. బిడ్డ నర్సరీలో పరాయి చేతుల్లో ఉండిపోయేది. బతికితే, రెండు మూడేళ్ళు వచ్చాక న్యూటౌన్‌లోని అనాథ పాఠశాలకి పంపేవాళ్ళు. తల్లి బతికే ఉన్నా సరే, బిడ్డ అనాథల లెక్కలోకి వెళ్ళిపోయేది.

మనకి బాగా పనికొచ్చేది ఆ పాఠశాల చేరికల రిజిస్టరు. అందులో బిడ్డ పేరు, వయసు, చేరిన తేదీతోపాటు తల్లి పేరు, ఆమె వచ్చిన ఓడ పేరు కూడా కనిపిస్తాయి. ఓడ పేరు దొరికిందంటే సగం పని అయిపోయినట్టే. మేరీ బ్రౌన్‌లు ఎందరో ఉన్నారు, ఒకే ఓడలో వచ్చిన మేరీ బ్రౌన్‌లు మాత్రం తక్కువ. పిల్లలు పెద్దయ్యాక ఎవరి దగ్గర పనికి కుదిర్చారో కూడా ఆ పాఠశాల కాగితాల్లో తెలుస్తుంది. అక్కణ్ణుంచి పెళ్ళిళ్ళ రిజిస్టర్ల వైపు వెళ్ళొచ్చు.

టాస్మేనియాలో ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం 1838 డిసెంబరులో మొదలైంది. జననాల రిజిస్టర్లో చాలాసార్లు బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. కాబట్టి పిల్ల పేరు కొట్టి ఏమీ రాలేదని వదిలేయకండి. తల్లి ఇంటిపేరుతో, తేదీతో వెతకండి, తర్వాత చర్చి బాప్తిస్మాల పుస్తకం చూడండి. అదే బిడ్డ ఒకచోట తల్లి ఇంటిపేరుతో, ఇంకోచోట ఆమెను తర్వాత పెళ్ళాడినవాడి ఇంటిపేరుతో ఉండొచ్చు. ఖైదీ పెళ్ళి చేసుకోవాలంటే గవర్నరు అనుమతి కావాలి, ఆ దరఖాస్తుల రిజిస్టర్లు కూడా ఉన్నాయి. అయితే పెళ్ళాడినవాడే తండ్రి అని రాసేసుకోకండి. ఇవన్నీ టాస్మేనియా రాష్ట్ర గ్రంథాలయ వెబ్‌సైట్లో పేర్ల సూచికతో ఉచితంగా చూడొచ్చు.

ఊళ్ళో వదిలి వచ్చిన పిల్లల్ని వెతకడం ఇంకా కష్టం. ఇంగ్లండ్‌లో అయితే 1841 జనాభా లెక్కలు, బీదల ఆశ్రమాల కాగితాలు చూడాలి. ఐర్లండ్ పాత జనాభా లెక్కలు చాలావరకు 1922లో డబ్లిన్ రికార్డుల కార్యాలయం తగలబడినప్పుడు కాలిపోయాయి. అయినా శిక్ష తగ్గించమని పెట్టుకున్న అర్జీలు డబ్లిన్‌లో మిగిలాయి. వాటిలో పిల్లల ప్రస్తావన దొరికే అవకాశం ఉంది.

మన అండమాన్ సంగతేమిటని మీలో కొందరు అడగొచ్చు. 1858 నుంచి అక్కడికి పంపిన ఖైదీల్లో ఆడవాళ్ళూ ఉన్నారు. అనుమతితో అక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాళ్ళ సంతతినే ‘లోకల్ బార్న్’, అంటే అక్కడే పుట్టినవాళ్ళు, అంటారు. అక్కడ వెతికేవాళ్ళు కూడా తల్లి కాగితాలతోనే మొదలుపెట్టాలి.

చివరిగా ఒక్క మాట అడుగుతాను. వెతికేవాళ్ళంతా బతికి బట్టకట్టిన పిల్లల వారసులే. నర్సరీలో చనిపోయిన పసివాళ్ళకి వారసులు లేరు, వాళ్ళకోసం వెతికేవాళ్ళూ లేరు. మరణాల రిజిస్టర్లో వయసు నెలల్లో, పక్కన విరేచనాలనో ఫిట్లనో కారణం రాసి ఉంటుంది. మీ ముత్తవ్వ తోబుట్టువు అలా కనిపిస్తే మన శాఖ కాదులే అని పేజీ తిప్పేయకండి. మీ వంశవృక్షంలో ఆ బిడ్డకి కూడా ఒక గడి గీసి, పేరుంటే పేరు, లేకపోతే తల్లి పేరు, ఓడ పేరు, పోయిన తేదీ రాయండి.